పొగగొట్టమూ, తూమూ



2024 సెప్టెంబరు మొదటి వారంలో బెజవాడ సగం నీళ్ళలో ఉన్నప్పుడు టీవీలన్నీ సింగ్‌నగర్ వీధుల్నే చూపించాయి. చూపించాల్సిందే, అంత నష్టం జరిగింది. అయితే బుడమేరుకి గండ్లు పడి ఊరి మీదికొచ్చిన ఆ నీళ్ళు తరవాత ఎటు పోయాయన్నది పెద్దగా ఎవరికీ పట్టలేదు. పట్టింది కొల్లేరు సరస్సు లంకల వాళ్ళకే. బుడమేరు ఆఖరికి కలిసేది కొల్లేట్లోనే కదా! బెజవాడలో జనం ఇళ్ళలో బురద కడుక్కుంటున్న రోజుల్లో ఇక్కడ నీటిమట్టం పెరగడం మొదలైంది. పెనుమాకలంక, నందిగామలంక లాంటి ఊళ్ళకు దారి మూసుకుపోయింది. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు మీద, చినయడ్లగాడి దగ్గర, వరద నీరు పారింది. రాకపోకలు ఆపేశారు. నెత్తిన వాన చుక్క లేదు, ఎండ కాస్తోంది, రోడ్డు మాత్రం మునిగి ఉంది. కొల్లేటి వరద తీరే అంత. పైన ఎక్కడో పడ్డ వాన నాలుగు రోజులు ఆలస్యంగా ఇక్కడికొచ్చి కూర్చుంటుంది, వెళ్ళమన్నా వెళ్ళదు.

రవాణా, వాతావరణ మార్పు అన్న రెండు విషయాలనూ కలిపి విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్న పరిశోధన గురించి చెప్పమని అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ రోడ్డే. లండన్ బస్సుల మీద, ఢిల్లీ మెట్రో మీద వ్యాసాలు కావలసినన్ని ఉన్నాయి. చేపల లారీల మీద, రోడ్డు కింద తూముల మీద రాసినవి వెతుక్కోవాలి. అందుకని ఈ పరిశోధనలో నాకు ఎన్నదగినవిగా కనిపించిన సంగతులు కొన్ని తీసుకుని, వాటిని ఆ రోడ్డు మీద నిలబెట్టి చూద్దాం.

ముందు పొగ సంగతి. బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే కాగితం మీద లెక్కగట్టి చూపించాడు. బెజవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా కటక్ దాకా రైలు పట్టాలు పడింది సరిగ్గా ఆ కాలంలోనే, 1893కీ 1896కీ మధ్య. అప్పుడు బొగ్గు రైలు, ఇప్పుడు డీజిలు లారీ. లీటరు డీజిలు తూకం వేస్తే 830 గ్రాములుంటుంది. అది కాలితే వచ్చే బొగ్గుపులుసు వాయువు మాత్రం రెండున్నర కిలోల పైనే. మొదటిసారి వింటే ఇదెక్కడి లెక్క అనిపిస్తుంది. డీజిల్లోని ఒక్కో బొగ్గు పరమాణువూ గాలిలోంచి రెండేసి ప్రాణవాయువు పరమాణువుల్ని లాక్కుని బయటికి పోతుంది. పెరిగిన బరువు ఆ ప్రాణవాయువుదే.

ప్రపంచం మొత్తం మీద ఇంధనాలు కాల్చడం వల్ల వెలువడే ఈ వాయువులో దాదాపు నాలుగో వంతు రవాణాది అని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల బృందం, ఐపీసీసీ, 2022లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. రవాణా వాటాలో నూటికి 70 పాళ్ళు రోడ్డు బండ్లవే. దీనికి మందుగా పరిశోధకులు మూడు మాటలు చెబుతారు. అక్కర్లేని ప్రయాణం మానుకోవడం, తప్పని ప్రయాణాన్ని తక్కువ పొగ దారిలోకి మార్చుకోవడం, బండినే బాగుచేసుకోవడం. మన పత్రికల్లో, ప్రకటనల్లో కనిపించేది మూడోదొక్కటే. బ్యాటరీ స్కూటరు, బ్యాటరీ ఆటో, బ్యాటరీ బస్సు. మంచివే. కానీ మొదటి రెండూ వదిలేసి మూడోదే పట్టుకుంటే పని సగం కూడా కాదు.

ఇది పొగ పరిశోధన. ఇదంతా ఒక గదిలో జరుగుతుంది. వరదకి రోడ్లు, రైలు కట్టలు, వంతెనలు ఎలా తట్టుకుంటాయన్న పరిశోధన ఇంకో గదిలో జరుగుతుంది. రెండు గదుల వాళ్ళూ ఒకే సంస్థలో జీతం తీసుకుంటున్నా ఒకరి వ్యాసం ఒకరు చదవడం తక్కువ. కొల్లేటి దేశంలో మాత్రం ఈ రెండు లెక్కలూ ఒకే రోడ్డు కట్ట మీద కలుస్తాయి. ఇక్కడ రవాణాని చదవాలంటే లారీ పొగగొట్టం దగ్గర కాక రోడ్డు కింద తూము దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. మన ప్రాంతపు పటం ఒకసారి మనసులో వేసుకోండి. పైన, అంటే ఉత్తరాన, మైలవరం కొండలు, చింతలపూడి మెట్ట. అక్కణ్ణుంచి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు కిందికి దిగుతాయి. తమ్మిలేరయితే ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చుట్టి మరీ పోతుంది. ఈ ఏర్లకు అడ్డంగా మనం ఏమేం వేశాం? 1850ల నాటి ఏలూరు కాలువ. 1890ల నాటి రైలు కట్ట. వాటికి తోడు కలకత్తా రోడ్డు, ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి. నీళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంటే మన దారులన్నీ పడమటి నుంచి తూర్పుకి పోతున్నాయి. బెజవాడ పక్కన ఎనికెపాడు దగ్గర బుడమేరు సొరంగంలో దూరి కాలువ కింద నుంచి బయటపడాల్సి వస్తుంది.

సరస్సులోకి దిగాక దిక్కు మారుతుంది. పడమటి నుంచి వచ్చిన నీళ్ళు తూర్పు వైపు జరిగి ఆకివీడు దగ్గర ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోవాలి. అప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు ఉత్తర దక్షిణాలుగా అడ్డం వస్తుంది. ఆ రోడ్డుకున్న వంతెనలు, తూములే సరస్సు పడమటి సగానికి గుమ్మాలు. ఆ గుమ్మాలు దాటినా ఆకివీడు దగ్గర రైలు వంతెన, రోడ్డు వంతెన ఉప్పుటేరు మీదే ఉన్నాయి. ఏ ఒక్క కట్టా చెడ్డ ఉద్దేశంతో వేసింది కాదు. కాలువ ధాన్యానికి, రైలు రాకపోకలకి, రోడ్డు లంకల వాళ్ళు ఆసుపత్రికి పోవడానికి. కానీ ఏ కట్ట ఎంత నీటిని ఎన్నాళ్ళు ఆపుతోందో అన్నిటినీ కలిపి ఒక్క పటంలో చూపించమంటే చూపించేవాళ్ళు తక్కువ.

ఈ నేల ఎంత చదునో చెప్పడానికి కాంటూరు లెక్కలు చాలు. ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, నీళ్ళుంటే కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఆ మేరకే. పదో కాంటూరు దాకా ఎక్కితే 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ జాబితాకెక్కిన విస్తీర్ణం అదే. అంటే ఐదడుగుల నీటికి సరస్సు మూడింతలవుతుంది. ఇలాంటి చోట రోడ్డు కట్ట అడ్డుపడి నీటిమట్టం ఒక అర అడుగు పెరిగినా అది ఎన్ని ఎకరాల వరి మీదికి, ఎన్ని చెరువు గట్ల మీదికి ఎక్కుతుందో ఊహించుకోవచ్చు.

వానాకాలంలో కైకలూరు రోడ్డు మీద ఒక చిన్న కల్వర్టు దగ్గర నిలబడి చూడండి. పడమటి వైపు నీళ్ళు ఎత్తుగా, దాదాపు కదలకుండా ఉంటాయి. తూర్పు వైపు జానెడో బెత్తెడో తక్కువగా, సుళ్ళు తిరుగుతూ ఉంటాయి. తూము నోటికి గుర్రపుడెక్క అడ్డుపడి ఉంటుంది. దాని వెనక కిక్కిస, ఆ వెనక థర్మోకోలు ముక్కలు, మేత సంచులు, వాటర్ ప్యాకెట్లు. ఇంజనీరు కాగితం మీద ఆ తూము ఇన్ని క్యూసెక్కులు వదలాలి అని ఉంటుంది. గుర్రపుడెక్కకి ఆ కాగితం తెలియదు. ఊళ్ళో కుర్రాళ్ళు వెదుర్లు పట్టుకుని దిగి ఆ దిండు పక్కకి లాగితే గంటలో తేడా కనిపిస్తుంది. ఆ తేడాని, అంటే కట్టకి ఇవతలా అవతలా నీటి ఎత్తులో వ్యత్యాసాన్ని, రోజూ రాసిపెడితే అదే ఒక మంచి పరిశోధన. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, అంగుళాలు గీసిన రెండు కర్రలు చాలు.

ఇక వాన సంగతి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థలో రాక్సీ మాథ్యూ కోల్, మరికొందరు కలిసి 2017లో ఒక వ్యాసం ప్రకటించారు. 1950 నుంచి 2015 దాకా రికార్డులు చూస్తే మధ్య భారతంలో విశాలమైన ప్రాంతాల మీద ఒక్కసారిగా కుమ్మేసే అతి భారీ వర్షాలు మూడింతలయ్యాయని తేల్చారు. గోదావరి ఎగువ ప్రాంతం చాలావరకు ఆ మధ్య భారతంలోదే. దీని వెనకున్న సూత్రం పాఠ్యపుస్తకాల్లోదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగలిగే నీటి ఆవిరి ఏడు శాతం పెరుగుతుంది. వాన పడని రోజులు పెరుగుతాయి, పడ్డ రోజు మాత్రం ఆకాశం ఊడిపడుతుంది.

మన తూములు, వంతెనలు కట్టింది పాత వానల లెక్క చూసి. యాభై ఏళ్ళకోసారి ఎంత వరద వస్తుంది, వందేళ్ళకోసారి ఎంత వస్తుంది అని పాత రికార్డుల నుంచి అంచనా వేసి ఖానాల వెడల్పు నిర్ణయిస్తారు. రేపటి వాన నిన్నటి వానలాగే ఉంటుందన్న నమ్మకం మీద ఆ లెక్కంతా నిలబడి ఉంది. ఆ నమ్మకానికి కాలం చెల్లిందని మిల్లీ, ఆయన తోటి జలశాస్త్రజ్ఞులు 2008లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. చాలా చిన్న వ్యాసం, చాలా గట్టి మాట. అప్పటి నుంచి ప్రపంచమంతా దాన్ని ఉదహరిస్తోంది. ఉదహరించినంత వేగంగా తూములు మాత్రం మారలేదు.

మారకపోతే ఏమవుతుందో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి ఒక చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాదు వెళ్ళే డెల్టా ప్యాసింజరు వచ్చి అందులో పడింది. వందమందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి పోయాయి. అంతకుముందు ఎప్పుడూ అంత పోలేదు.

ఇటు ఎగువ నుంచి ఇంత వస్తుంటే అటు దిగువన సముద్రం ఎత్తు పెరుగుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్రవేత్త కాకాని నాగేశ్వరరావు, సహచరులు కలిసి మన తీరం మీద 2008లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. సముద్రం 59 సెంటీమీటర్లు పెరిగితే రాష్ట్ర తీరంలో 565 చదరపు కిలోమీటర్లు మునుగుతాయని, అందులో 150 దాకా కృష్ణా గోదావరి డెల్టాలోవేనని వాళ్ళ అంచనా. కొల్లేటికి దీంతో ఏం పని అనకండి. ఉప్పుటేటిలోకి సముద్రపు పోటు ఎక్కుతుంది. సముద్రం ఎత్తయితే ఉప్పుటేరు లాగడం మందగిస్తుంది. అప్పుడు చినయడ్లగాడి దగ్గర నీళ్ళు ఒక రోజు ఉండాల్సింది ఇంకెన్ని రోజులుంటాయి? వెతకాల్సిన లెక్క అది. కొల్లేరు సరస్సు ఎలా చెరువుల కిందికి మారిపోతోందో ఉపగ్రహ చిత్రాలతో 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో చూపించింది కూడా ఈ నాగేశ్వరరావు గారి బృందమే. ఆ తరవాత రెండేళ్ళకి, 2006లో, ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొన్ని మళ్ళీ లేచాయి, అది వేరే ప్రసంగం.

ఇప్పుడు లారీ దగ్గరికి వద్దాం. చెరువు పట్టుబడి రోజు తెల్లవారుజామున గట్టు మీద లారీ ఆగి ఉంటుంది. ప్లాస్టిక్ ట్రేలలో ఒక వరస ఐసు, ఒక వరస చేప. బొచ్చె, శీలావతి. ఐసు దిమ్మల్ని మరలో వేసి పొడి చేసి పారతో చల్లుతుంటారు. పొద్దెక్కేలోగా లోడయిపోవాలి. తరవాత పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హౌరాకి, కొన్నయితే ఇంకా పైకి, అస్సాం వైపు. ఆ లారీ వెనక మోటారు సైకిలు మీద పోయినవాళ్ళకి తెలుసు, ఐసు కరిగిన నీళ్ళు ధారగా రోడ్డు మీద పడుతుంటాయి. దానికి తోడు చెరువు మట్టి తోలే ట్రాక్టర్లు. తారు రోడ్డు కింద ఉన్నది నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. ఎప్పుడూ తడిసే ఉన్న రోడ్డు మీద బరువు లారీ పోతే ఏమవుతుందో కైకలూరు, ఆకివీడు రోడ్ల మీద తిరిగే ఆటోవాళ్ళ నడుముల్ని అడగండి.

బరువు గురించి ఒక మంచి ప్రయోగం ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద రాత్రీ పగలూ లారీలు తిప్పి, ఎంత బరువుకి ఎంత అరుగుతుందో కొలిచారు. తేలిందేమిటంటే ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకి నష్టం రెట్టింపు కాదు, పదహారు రెట్లు. 2018లో మన కేంద్ర ప్రభుత్వం లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. నాలుగు చక్రాల ఇరుసుకి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి. పెంచింది పన్నెండు పదమూడు శాతమే. ఇల్లినాయ్ లెక్క ప్రకారం రోడ్డు అరుగుదల మాత్రం నూటికి అరవై పెరుగుతుంది. ఒక్క లారీలో ఎక్కువ సరకు పడితే టన్నుకి డీజిలు తగ్గుతుంది, అంటే పొగ గదిలో ఇది శుభవార్త. రోడ్డు తొందరగా పోయి మళ్ళీ తారు కాచి వెయ్యాలి, గుంతల్లో డీజిలు ఎక్కువ తాగాలి, అంటే పక్క గదిలో ఇది చెడ్డవార్త. రెండూ కలిపి కూడితే మిగిలేది లాభమా నష్టమా? ఎం.టెక్. పిల్లలెవరైనా చెయ్యదగ్గ లెక్క ఇది.

హౌరా లారీ పొగ ఎంత? గుత్తగా చూద్దాం. లీటరుకి నాలుగు కిలోమీటర్లు వేసుకుంటే పోవడానికి 300 లీటర్లు. అంటే 800 కిలోల బొగ్గుపులుసు వాయువు. లారీలో పది టన్నుల చేప ఉందనుకుంటే కిలో చేపకి 80 గ్రాములు. ఖాళీగా తిరిగొస్తే ఇంకా ఎక్కువ. నిజం చెప్పాలంటే ఇది నేననుకున్నంత పెద్ద అంకె కాదు. అమెరికాలో వెబర్, మాథ్యూస్ అనే ఇద్దరు 2008లో ఆహారం ఎన్ని మైళ్ళు ప్రయాణిస్తోందన్న దాని మీద ఇలాంటి లెక్కే తీశారు. తిండి వల్ల వెలువడే మొత్తం వాయువుల్లో రవాణా వాటా 11 శాతమే వచ్చింది, మిగిలినదాన్లో ఎక్కువ భాగం పండించడంలోనే. చేపల పెంపకం మీద లెక్కలు తీసినవాళ్ళు కూడా చాలాసార్లు మేతనే పెద్ద వాటాగా చూపించారు. కాబట్టి హౌరా వాళ్ళు మన చేప తినడం తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దూరం కంటే, ఏ బండి మీద పోయిందన్నదే ముఖ్యం. కరెంటు రైలు మీద పోతే ఆ 80 గ్రాములు మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతాయి.

మరి రైలెందుకు ఎక్కదు? స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా రైలు మీదే పోయేది. ఇప్పుడు ముప్పై పాళ్ళు కూడా లేదు. బెజవాడ, గుడివాడ, భీమవరం, నిడదవోలు లైను రెండు పట్టాలదయింది, కరెంటు వచ్చింది. లైను చెరువుల మధ్య నుంచే పోతుంది. అయినా చేప లారీయే ఎక్కుతోంది. ఎందుకంటే లారీ గట్టు మీదికి వస్తుంది, రైలు రాదు. ట్రేలు రెండుసార్లు దించి ఎక్కించాలి, ఆ మధ్యలో ఐసు కరుగుతుంది. ఏ రోజు పట్టుబడికి ఏ రోజు వ్యాగన్ దొరుకుతుందో తెలియదు, హౌరా మార్కెట్టు ధర మాత్రం పూట పూటకీ మారుతుంది. గూడెం ఉల్లి మార్కెట్టుదీ ఇంచుమించు ఇదే కథ. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీల మీద వచ్చి, గ్రేడింగయి, మళ్ళీ లారీల మీదే పోతుంది, పక్కనే మద్రాసు–హౌరా లైను ఉండగా. వ్యాపారిని తప్పుపట్టి లాభం లేదు. ఎన్ని గంటల ఆలస్యానికి, ఎంత ఐసు ఖర్చుకి అతను రైలు మానేస్తున్నాడో కనుక్కోవాలి. రవాణా పరిశోధనలో దీనికి మంచి పద్ధతులున్నాయి. ఫలానా ధర, ఫలానా సమయం అయితే నువ్వేది ఎంచుకుంటావని ప్రశ్నపత్రం పెట్టి అడుగుతారు. మన మార్కెట్లలో ఆ ప్రశ్నపత్రం పట్టుకుని తిరిగినవాళ్ళు అరుదు.

రైలు కంటే తక్కువ పొగ దారి ఒకటి మనకుండేది. కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ దొరని మనం నీళ్ళిచ్చినవాడిగానే పూజిస్తాం. ఆయన దృష్టిలో కాలువ సగం సాగుకి, సగం పడవకి. రైళ్ళ మీద తగలేసే డబ్బు కాలువల మీద పెట్టండి అని జీవితమంతా పోట్లాడాడు. 1878లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే వాదించాడు. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాటి పడవ పోయేది. గట్టు మీద మనుషులు తాడు భుజానికేసుకుని పడవ లాగేవారు. పొగ లేదు నిజమే, ఆ భుజాల సంగతి మర్చిపోకూడదు. పాతదంతా బంగారమని నేననను.

ఆ దారినే 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఏలూరు కాలువ కూడా అందులో ఉంది. సరకు పడవ మాత్రం మన ఊరికి రాలేదు. కారణాలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. కాలువ మీద ఊరూరా పల్లపు వంతెనలు, వాటి కింద పెద్ద పడవ దూరదు. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. లాకులు తుప్పుపట్టాయి. అన్ని వంతెనలూ ఎత్తు చేసే ఖర్చు, అందుకయ్యే సిమెంటు పొగ కూడా లెక్కలో వేస్తే కాలువ రవాణా అన్నిచోట్లా కిట్టకపోవచ్చు. నా అనుమానం, కిట్టేది తూకం ఎక్కువై తొందర తక్కువైన సరుక్కి మాత్రమే. ఇసక, ధాన్యం, తవుడు. చేప ఆ పడవ ఎక్కదు.

జనం ప్రయాణం గురించి కూడా ఒక ముక్క. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయింది. దాని మంచిచెడ్డల మీద టీకొట్టు దగ్గర ఎంత చర్చయినా జరగొచ్చు. పరిశోధకుడికి అదొక బంగారు అవకాశం. పల్లెవెలుగు ఎక్కినవాళ్ళు అంతకుముందు షేర్ ఆటోలో పోయేవాళ్ళా, అసలు ఇల్లు కదలనివాళ్ళా? మొదటి రకమైతే పొగ తగ్గింది, ఆటో అతనికి దెబ్బ తగిలింది. రెండో రకమైతే పొగ తగ్గలేదు, కానీ ఒక ఆడమనిషి ఏలూరు ఆసుపత్రికి పోయి రాగలిగింది. ఈ రెండో లాభాన్ని టన్నుల్లో కొలవలేం. కొలవలేం కాబట్టి చాలా వ్యాసాల్లో అది కనిపించదు.

అలాగే రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గదు, బండ్లే పెరుగుతాయి అని ఆంథొనీ డౌన్స్ 1962లో అన్నాడు. 2011లో డ్యురాంటన్, టర్నర్ అమెరికా నగరాల లెక్కలతో దాన్ని గట్టిపరిచారు. హైదరాబాదు ఫ్లైఓవర్లకి ఆ పాఠం బాగా అతుకుతుంది. వానాకాలంలో దోనె మీదనో పడవ మీదనో తప్ప బయటికి రాలేని లంక ఊరికి వేసే మొదటి రోడ్డు దగ్గర అదే పాఠం అప్పజెప్పడం మాత్రం అన్యాయం. ఆ ఊరికి రోడ్డు కావాలి. కింద సరిపడా ఖానాలున్న రోడ్డు కావాలి.

ఇక్కడో చిన్న విసురు. వాతావరణ మార్పు మీద వ్యాసం చదవడానికి విమానమెక్కి సముద్రాలు దాటే ఆచార్యుల మీద కూడా ఇప్పుడు పరిశోధనలొస్తున్నాయి. కెవిన్ ఆండర్సన్ అనే బ్రిటిషు ఆచార్యుడు అయితే చైనాలో సభకి రైలు మీదే వెళ్ళి వచ్చాడు. మనవాళ్ళకి అంత శ్రమ అక్కర్లేదు. సరుకంతా గుమ్మంలోనే ఉంది.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, సివిల్ ఇంజనీరింగ్ విభాగం ఉంది. పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. ఏలూరులో కాలేజీలు. వరద మీద పాత కాగితాలకీ కొదవలేదు. 1964 వరదల తరవాత మిత్ర కమిటీ కొల్లేరు, ఉప్పుటేరు, డెల్టా మురుగు కాలువల మీద పనిచేసింది. ఆ సిఫార్సుల కాలంలోనే, 1968లో, డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. డెల్టా రైతులు ఎకరానికి ఇంతని కట్టారు కూడా. అంటే ఈ మురుగు దారుల్లో మన తాతల డబ్బుంది.

చెయ్యాల్సిన పని పెద్దదేం కాదు. ఏలూరు నుంచి కైకలూరు దాకా రోడ్డు కింద ఉన్న ప్రతి తూమూ, ప్రతి ఖానా వెడల్పు, అడుగు ఎత్తు కొలవాలి. జూలై నుంచి నవంబరు దాకా కట్టకి రెండు పక్కలా నీటి ఎత్తు రాయాలి. అదే రోడ్డు మీద ఒక వారం పగలూ రాత్రీ కూర్చుని ఎన్ని చేపల లారీలు, ఎన్ని మేత లారీలు, ఎన్ని ఆటోలు, ఎన్ని బస్సులు పోయాయో లెక్కపెట్టాలి. వరదకి రోడ్డు మూసేసిన రోజున ఆ లారీలు ఎన్ని కిలోమీటర్లు చుట్టు తిరిగాయో, ఎంత డీజిలు ఎక్కువ కాల్చాయో కనుక్కోవాలి. అప్పుడు రోడ్డు ఇంకో రెండడుగులు ఎత్తు చెయ్యాలా, ఖానాలు పెంచాలా, లేక మునిగే నాలుగైదు చోట్ల స్తంభాల మీద వంతెనగా లేపాలా అన్నది వాదించుకోవడానికి చేతిలో అంకెలుంటాయి. ఉత్తినే ఎత్తు చేస్తే పడమటి లంకలు ఇంకా మునుగుతాయి. ఇది ఇప్పుడే చెప్పొచ్చు. ఎంత మునుగుతాయన్నదే కొలిచేదాకా చెప్పలేం.

గూడెం నుంచి పొద్దున ప్యాసింజరెక్కి ఏలూరులో దిగి, కైకలూరు బస్సు పట్టుకోవచ్చు. కండక్టరుకి పెదయడ్లగాడి వంతెన దగ్గర ఆపమని చెబితే ఆపుతాడు. టేపు, గట్టి చెప్పులు తెచ్చుకోండి, గట్టు జారుడుగా ఉంటుంది.